వింటినారి: పదార్థము, ధ్వని, శరవేగము

మన ప్రాచీనకావ్యములకు వెలసిన టీకలలో ‘మౌర్వి’ యను మాటకు ‘వింటినారి’ యని యర్థము కనబడును. ‘శింజిని’కిని అదియే యర్థము. ‘జ్య’కును, ‘గుణము’నకును, అచ్చతెనుగున ‘అల్లె’కును, ‘గొనయము’నకును గూడ అదియే. నిఘంటుకారుని పని యంతటితో తీరవచ్చును గాని వ్యాఖ్యాత పని తీరదు. ఈ పర్యాయపదములలో ఒకటి నారి దేనితో చేయబడినదో చెప్పుచున్నది. ఒకటి అది యెట్లు మ్రోగునో చెప్పుచున్నది. ఒకటి దాని పేటలను స్ఫురింపజేయుచున్నది. ఇన్నిటిని ఒక్క మాటతో సరిపెట్టుట వలన పాఠమున ఒక పెద్ద పొరపాటు ప్రవేశించినదని మేము తలచుచున్నాము. నారి యెంత గట్టిగా మ్రోగిన బాణమంత వేగముగా పోవునని, కావున కవి టంకారమును వర్ణించుట శరవేగమును వర్ణించుటయే యని, తరగతులలో తరచుగా చెప్పబడుచున్నది. విద్యార్థుల పరీక్షాపత్రములలో ఈ వాక్యమును మేము పెక్కుమార్లు చదివితిమి. ఇది వింటి స్వభావమునకు విరుద్ధము. అంతేకాదు, కవులు చెప్పినదానికి గూడ విరుద్ధము. ఈ రెండవ సంగతి మొదటిదానికంటె మాకు ముఖ్యము.

ముందు పదార్థమును చూతము. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఆయుధాగారాధ్యక్షుని విధులను చెప్పుచు, నారులకు తగిన ద్రవ్యములను ఆరింటిని పేర్కొన్నాడు: మూర్వ, అర్కము, శణము, గవేధువు, వేణువు, స్నాయువు. వీనిలో అర్కము మన జిల్లేడు. దాని కాడ బెరడులోని నార సన్నమై, పట్టువలె మెరయుచు, మిక్కిలి బలము గలదై యుండును. శణము జనుము. ఇది నేటికిని త్రాళ్లకు వాడబడుచున్నది; వేరుగా చెప్పనక్కరలేదు. వేణువు వెదురు. వెదురుతో విల్లు చేయుట తెలియును గాని నారి చేయుటెట్లని కొందరు సందేహింతురు. మధ్యభారతమునందలి భిల్లులు వెదురు నుండి సన్నని బద్దను చీల్చి, దానినే నారిగా వింటికి కట్టుదురు. పేనిన త్రాడు గాక చీల్చిన బద్ద నారి యగుట ఇచ్చట విశేషము. కౌటిల్యుని పట్టికలో వేణువు చేరుట లేఖకదోషమేమో యని శంకించువారికి ఇదియే సమాధానము. స్నాయువు పశువుల నరము. హోమరు ఇలియడ్ కావ్యమునందలి పాండరుసు వింటినారియు ఎద్దునరమే.

ఇక మూర్వ. మనుస్మృతి క్షత్రియవటువునకు మూర్వతో చేసిన వింటినారినే మేఖలగా విధించినది. బ్రాహ్మణునకు ముంజగడ్డి, వైశ్యునకు జనుపనార. విల్లు పట్టవలసినవానికి నడుమున నారియే కట్టబడినదన్నమాట. మౌర్వి యను శబ్దము ఈ మూర్వ నుండియే వచ్చినది. అయితే మూర్వ యే మొక్క యను విషయమున వృక్షశాస్త్రజ్ఞులలోను, వైద్యులలోను ఏకవాక్యత లేదు. మన తెలుగుదేశమున చాగ యనబడు మొక్కయే మూర్వ యని యొక పక్షము. కత్తులవలె నిలిచిన దళమైన ఆకులు, ఆకులలో పొడవైన తెల్లని నార గల మొక్క యిది. ఆంగ్లేయులు దానికి ‘వింటినారి జనుము’ అని యర్థమిచ్చు పేరు పెట్టిరి. కోరమండలతీరపు మొక్కలను గూర్చిన బృహద్గ్రంథమును 1795 నుండి వెలువరించిన విలియం రాక్స్‌బర్గు మన సామర్లకోటలో నుండి పనిచేసినవాడు. ఈ నారను పరీక్షించి మెచ్చినవాడు. మఱియొక పక్షమువారు మూర్వ యనగా ఒక పాలుగారు తీగ యందురు. రాజమహలు కొండలవారు ఆ తీగనారతో నారులు పేనుదురని చెప్పినదియు ఆ రాక్స్‌బర్గే. కావ్యవ్యాఖ్యకు ఈ వివాదము తేలనక్కరలేదు. రెండు పక్షములందును మూర్వ సాగని, తేలికైన, గట్టి ఉద్భిజ్జపు నారయే. మనకు కావలసినదంతయు ఈ మూడు విశేషణములలో నున్నది.

అవి యేల కావలసినవో చెప్పుటకు విల్లు పనిచేయు తీరును కొంచెము విప్పి చెప్పవలెను. సాహిత్యవిద్యార్థులు ఇచ్చట ఓపిక పట్టవలెనని ప్రార్థన. విలుకాడు నారిని లాగినపుడు వాని కండబలము వింటి బాహువులలో నిలువయగును. నారిని విడిచినపుడు ఆ నిలువ బాణమునకు మాత్రమే పోదు. ముందునకు దుమికెడి బాహువులు కొంత తీసికొనును; వానితో కదలెడి నారి కొంత తీసికొనును; మిగిలినదే బాణమునకు దక్కును. నారి నడిమి భాగము బాణముతో సమానమైన వేగమున పోవును గాని, కొనలు వింటికొప్పులతోపాటు మెల్లగా కదలును. కావున నారి మొత్తపు బరువులో మూడవ వంతు బాణమునకు అంటుకొని పోవుచున్నట్లు లెక్కించుట ఈ శాస్త్రమున వాడుక. 1930ల నుండి అమెరికాలో హిక్‌మన్, క్లాప్‌స్టెగ్ మున్నగు భౌతికశాస్త్రజ్ఞులు విలువిద్యను ఈ విధముగా గణితమునకు లోబరచిరి. బాణము వెడలిపోయిన తరువాత బాహువులలోను నారిలోను మిగిలిపోయిన శక్తియే వింటి వణకుగా, చేతి అదరుగా, ధ్వనిగా మారును. ఈ వాక్యమును విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. వినబడు ధ్వని బాణమునకు చేరని శక్తి.

ఒక ఉదాహరణమును కల్పించుకొని లెక్క వేయుదము. నిలువయైన శక్తి 40 జౌళ్లు, బాణము 30 గ్రాములు, బాహువుల వలన అంటుకొను భారము 8 గ్రాములు అనుకొందము. నారి 6 గ్రాములదైన, దాని మూడవ వంతు 2 గ్రాములు. అపుడు బాణమునకు దక్కునది నూటికి 75 వంతులు. వేగము సెకండునకు 44.7 మీటర్లు, మిగిలిపోవునది 10 జౌళ్లు. అదే వింటికి 12 గ్రాముల నారి కట్టిన వేగము 43.6 మీటర్లకు తగ్గును. మిగులు శక్తి 11.4 జౌళ్లకు పెరుగును. బరువైన నారి వేగమును తగ్గించి మిగులును పెంచినది. వేగమును శబ్దమును ఒక్క దిక్కుననే పోవునను తరగతిగది సిద్ధాంతము ఇచ్చటనే కూలినది.

కాని సంగతి ఇంత సులువుగా ముగియదు. నారిని మార్చక బాణమును మార్చి చూడుడు. 6 గ్రాముల నారితోనే 20 గ్రాముల బాణము వేసిన వేగము 51.6 మీటర్లకు పెరుగును, మిగులును 13.3 జౌళ్లకు పెరుగును. 45 గ్రాముల బరువుబాణము వేసిన వేగము 38.1 మీటర్లకు దిగును, మిగులు 7.3 జౌళ్లు మాత్రమే. అనగా బాణమును తేలిక చేసి సాధించిన వేగము చప్పుడుతో కూడి వచ్చును. నారిని తేలిక చేసి సాధించిన వేగము చప్పుడును తగ్గించుచు వచ్చును. నారి విషయమున పదార్థము ప్రధానమగుట కిదియే హేతువు. ఒకే బలమునకు తక్కువ బరువు తూగు నార యేది యను ప్రశ్న కౌటిల్యుని కాలమున నెంత ముఖ్యమో నేడును అంతే. ఇరువదవ శతాబ్ది నడిమి నుండి పాలియెస్టరు దారమును, 1980ల నుండి నీటిపై తేలునంత తేలికయై ఉక్కును మించిన బలము గల పాలిథిలీను దారమును విలుకాండ్రు వాడుచున్నారు. రెండవది పలుచనిది, సాగనిది. బాణవేగమును కొంత పెంచును.

సాగుగుణము గూడ ఇచ్చట గణింపవలెను. సాగెడి నారి బాహువుల పరుగును మెత్తగా ఆపును; తానే కొంత శక్తిని మ్రింగును; చప్పుడు మందముగా, బొంగురుగా నుండును. సాగని నారి బాహువులను ఒక్కసారిగా నిలువబట్టును. అందుచే బాణమునకు చేరునది ఎక్కువయగును గాని మిగిలినది పదునైన చప్పుడుగా వెలువడును. పాతకాలపు కఱ్ఱవిండ్లకు అట్టి దారము కట్టిన కొప్పుల యొద్ద చీలుననియు విండ్లు చేయువారు హెచ్చరింతురు. నరము సాగును, చెమ్మ తగిలిన మఱింత వదులగును. పట్టు సాగును గాని తెగదు. జిల్లేడు, జనుము, చాగ మున్నగు నారలు చాల తక్కువ సాగును. వానకాలమున నరపునారి పనికిరాకపోవుటకును, మన దేశమున ఉద్భిజ్జపు నారలకు ప్రాధాన్యము కలుగుటకును సంబంధము కలదని మా యూహ.

ఈ లెక్క చేతనుండగా మన శాస్త్రగ్రంథములనే పరీక్షింపవచ్చును. వసిష్ఠుని పేరిట ప్రచారమందున్న ధనుర్వేదసంహిత పట్టుదారపు నారిని ప్రశస్తముగా చెప్పి, చిటికెనవ్రేలి మందమును దానికి ప్రమాణముగా చూపినది. పట్టు లేనిచో నరమును, వెదురుబెరడును, జిల్లేడునారను చెప్పుట కౌటిల్యుని పట్టికకు చేరువగనే యున్నది. మందమే చిక్కు. చిటికెనవ్రేలంత మందమున, వింటి పొడవున, పట్టుత్రాడు పేనినచో అది సుమారు నూరు గ్రాములకు తగ్గదు. దాని మూడవ వంతు బాణముకంటె ఎక్కువ. వెనుకటి లెక్కలో దీనిని చేర్చిన బాణవేగము సెకండునకు 33.5 మీటర్లకు పడిపోవును. శక్తిలో సగమునకు పైగా వింటిలోనే మిగిలిపోవును. ఇట్టి నారితో ఎవడును యుద్ధము చేయడు. కావున ఆ ప్రమాణము వ్రేలి మందము గాక వేరొకటి యనుకొనవలెను, లేదా సంహితాకర్తకు విల్లు చేతపట్టిన పరిచయము తక్కువ యనుకొనవలెను. మేము రెండవదానికే మ్రొగ్గుచున్నాము. ఆయుధాగారమునకు సరకు కూర్చవలసిన కౌటిల్యుడు మందమును గూర్చి మాటాడకపోవుటయు గమనింపదగినది. పని చేయించువాడు పని తెలిసినవానికి కొలత నేర్పడు.

ఇపుడు కావ్యములకు వత్తము. భారతరామాయణములందు వింటినారి మ్రోయు సందర్భములను ఏరి చూచినచో అవి రెండు తెగలగా విడిపోవును. వీరుడు రణమున ప్రవేశించి, బాణము తొడుగక ముందే నారిని మీటి మ్రోయించుట ఒకటి. తెలుగున ‘నారి సారించుట’, ‘గొనయము మ్రోయించుట’ యనునవి చాలవరకు దీనిని చెప్పునవే. బాణమును విడుచునపుడు పుట్టెడి చప్పుడు రెండవది. కవులు మొదటిదానినే ఉరుముతోను, పిడుగుతోను, సముద్రఘోషతోను పోల్చుదురు, దిక్కులు పిక్కటిల్లజేయుదురు. రెండవదానిని గూర్చి తరచు మౌనము వహింతురు, లేదా బాణపు రెక్కల రొదను చెప్పుదురు. టీకాకారులు ఈ భేదమును పాటింపకుండుట వలననే ధ్వనియే వేగమను భ్రాంతి పుట్టినది.

ఈ భేదము వింటి స్వభావమునకు సరిగా సరిపోవును. బాణము లేనపుడు నారిలోని శక్తికి పోవుటకు వేరు త్రోవ లేదు. అంతయు వణకుగా, మ్రోతగా వెలువడవలసినదే. నిండుగా లాగి బాణము లేక విడిచినచో విల్లు విరుగవచ్చును కూడ. విలుకాండ్రు నేటికిని శిష్యులకు మొదట నిషేధించున దీ పనియే. కావున రణారంభపు టంకారము నిండు లాగుడు కాదు, వ్రేలితో మీటుట. వీణియ తంత్రిని మీటినట్లే. అది బాణప్రయోగమునకు సూచన మాత్రమే గాని బాణప్రయోగము కాదు. నేనున్నాననియు, విల్లు ఎక్కుపెట్టబడినదనియు, నారి బిగువు సరిగా నున్నదనియు చెప్పెడి ధ్వని యది. ఒకే వ్రేటున శత్రువునకు హెచ్చరికయు, తనకు పరీక్షయు.

ఈ ఆచారము మన దేశమునకే పరిమితము కాదు. ఒడిస్సీ కావ్యమున ఒడిస్సియసు తన పాతవింటిని ఎక్కుపెట్టి, బాణము తీయక ముందు నారిని మీటి చూచును. అది వానకోయిలజాతి చిన్నపక్షి గొంతువలె పలికినదని హోమరు చెప్పును. జపానులో బాణము లేక నారిని మ్రోయించి దుష్టశక్తులను తరుముట యొక కర్మకాండ. పదునొకండవ శతాబ్దినాటి గెంజి కథయందు, యూగావో మరణించు రాత్రి గెంజి కావలివానిచే నారి మ్రోయించుట మనము చదువవచ్చును. అచ్చటి విలుకాండ్రకు బాణము విడుచునపుడు పలికెడి నారి స్వరము గూడ ప్రియమే. దానికొక పేరే కలదు. నారి తిరిగివచ్చి వింటి పైకొనను తాకుట వలన అది పుట్టును. కృత్రిమదారముల నారి ఎక్కువ కాలము మన్నినను, స్వరమునకు జనుమువంటి నారతో పేనిన నారియే శ్రేష్ఠమని పలువురచ్చట భావింతురు. పదార్థము మారిన స్వరము మారునని యొక సంప్రదాయము చెవితో గుర్తించి నిలుపుకొన్న దృష్టాంతమిది.

స్వరము మారుట కేవలము అభిరుచి కాదు. తంత్రి శ్రుతి దాని పొడవుపై, బిగువుపై, బరువుపై ఆధారపడును. మీటరున్నర పొడవు గల నారి, ఇరువదియైదు కిలోలు వ్రేలాడదీసినంత బిగువున నున్నదనుకొందము. అది 6 గ్రాములదైన సెకండునకు సుమారు 83 మార్లు కంపించును. 12 గ్రాములదైన 58 మార్లు మాత్రమే. షడ్జమమునకును ప్రతిమధ్యమమునకును ఎంత ఎడమో ఈ రెంటికి అంత ఎడము. కావున బరువైన నారి మేఘమువలెను, తేలికనారి పక్షివలెను పలుకుట కవిసమయము కాకముందు వాస్తవము. మన కవులు మేఘమును, హోమరు పక్షిని ఉపమానముగా గైకొనుటలో ఆయా దేశముల నారుల జ్ఞాపకమేదో దాగియున్నదని మేము సాహసించి చెప్పము గాని, రెండు ఉపమానములును వింటినారి పలుకగల హద్దులలోనివే.

విరాటపర్వమున ఉత్తరగోగ్రహణఘట్టమును ఈ దృష్టితో మరల చదువవలెను. ఉత్తరుడు సారథియై యుండగా అర్జునుడు శంఖమును పూరించి గాండీవమును మ్రోయించును. కౌరవసేనలో నున్న ద్రోణుడు వచ్చినవాడు అర్జునుడేయని గుర్తించుటకు ఆ ధ్వనులును ఆధారములు. ఇది అతిశయోక్తి యని త్రోసివేయువారు కలరు. గుర్తింపు మాత్రము అతిశయోక్తి కాదు. పొడవు, బిగువు, బరువు అను మూడింటి కూడికతో ప్రతి వింటికిని తన శ్రుతి యున్నది. ఏండ్లతరబడి శిష్యుని వింటిని విన్న గురువు దానిని గుర్తించుట సహజమే. అతిశయోక్తి దూరమున నున్నది. సన్నని త్రాడు గాలిని కదలింపజాలదు. వీణకు బుర్ర యెందుకో వింటి టంకారమునకు కూడ అందుకే బుర్ర కావలెను. తమిళనాట విల్లుపాట పాడువారు వింటిని మట్టికుండపై నుంచి మీటుట ఈ లోటును తీర్చుటకే. అమరావతి శిల్పములందలి వీణలు విల్లువలె వంగి, క్రింద తొట్టి గలవై కనబడును. విల్లు ఆయుధముగా నుండగా లేనిదియు, వాద్యమగుటకు కావలసినదియు ఆ తొట్టియే. పురాణములలో నున్నదంతయు అక్షరసత్యమని వాదించువారికిని, అంతయు కల్ల యనువారికిని ఈ రెంటి భేదము ఒక్క తీరుననే ఉపకరించును. వారిలో ఎవరికిని ఇది రుచింపదని మాకు తెలియును.

వేట సంగతి వేఱు. యుద్ధమున ధ్వని ప్రయోజనము; వేటలో ధ్వని శత్రువు. శబ్దము గాలిలో సెకండునకు సుమారు 340 మీటర్లు పోవును. ముప్పది మీటర్ల దూరముననున్న జింకకు నారి చప్పుడు సెకండులో పదియవ వంతు లోపలనే వినబడును. బాణము చేరుటకు సెకండులో మూడింట రెండు వంతులు పట్టును. ఆ నడిమి కాలమున జింక కాళ్లు ముడిచి దూకుటకు సిద్ధమగును, బాణము పైనుండి పోవును. అందుచే వేటవిలుకాండ్రు నారికి బొచ్చుతునుకలు, ఉన్నికుచ్చులు కట్టి మ్రోతను చంపుదురు. కొంత వేగము తగ్గినను బరువుబాణమును కోరుదురు. బాణము ఎన్నడును శబ్దమును మించి పోలేదు గనుక వేటకానికి వేగము కంటె నిశ్శబ్దమే మేలు చేయును.

మన ప్రబంధములలోని వేటలు ఇట్టివి కావు. మనుచరిత్రమున స్వరోచి వేటగాని, ధూర్జటి శ్రీకాళహస్తీశ్వరమాహాత్మ్యమున తిన్నని వేటగాని కుక్కలతో, వలలతో, కేకలతో మృగములను తోలెడి వేటలు. అచ్చట నారి మ్రోగినను నష్టము లేదు, కవి దానిని మ్రోయించినను తప్పు లేదు. మౌనముతో పొంచి చేయు వేట మన సాహిత్యమున ఒక్కచో మిక్కిలి ప్రసిద్ధముగా నున్నది. అది దశరథుడు సరయూతీరమున చీకటిలో చేసినది. అచ్చట చెవి పని చేసినది వేటకానికి. కుండలో నీరు నిండు చప్పుడును విని ఏనుగని భ్రమించి వాడు బాణము వేసెను. ఆ ఘట్టమున కథకు కావలసినది నీటి చప్పుడొక్కటే. నారి టంకారమును దానిపై పెట్టినచో కథ చెడును. ఎవడేని అనుకర్త దశరథుని చేత అక్కడ దిక్కులు పగుల నారి మ్రోయించెనేని, వానికి విల్లు తెలియదనియు కథ తెలియదనియు ఒక్కసారే తేలును.

నారి పదార్థము కావ్యశరీరముపైననే గాక పాత్రల శరీరముపైనను గుర్తు నిలిపినది. నారి తిరిగి వచ్చునపుడు విల్లు పట్టిన చేతి లోపలి ప్రక్కను కొట్టును. వింటిపట్టునకును నారికిని నడుమ ఎడము తక్కువైనచో ఆ దెబ్బ తప్పదు. వేగమును కొంత చచ్చును. అమరకోశమున జ్యాఘాతవారణమని పేర్కొనబడిన గోధ ఈ దెబ్బకు అడ్డము. గరుకైన నార ఎక్కువ కోయును, పట్టు తక్కువ కోయును. శాకుంతలమున దుష్యంతుని భుజము మౌర్వి వలన కలిగిన కాయతో చెప్పబడినది. శింజిని యని గాక మౌర్వి యని కవి యనుటలో నార గరుకుదనము ధ్వనించుచున్నదని మేము నమ్ముచున్నాము. విరాటుని కొలువు చేరబోవు అర్జునుడు తన చేతులపై నారి గుర్తులను దాచుట కష్టమని చెప్పి గాజులు తొడుగుకొనును. వ్యాసభారతమున ఆ గుర్తులు ద్వివచనమున చెప్పబడినవి. సామాన్య విలుకానికి గుర్తు ఒక చేతనే యుండును. రెండు చేతుల నున్నదనిన వాడు సవ్యసాచి. ఒక్క విభక్తిరూపము వాని పేరును బయటపెట్టుచుండగా గాజులు దానినే కప్పుచున్నవి. తిక్కన విరాటపర్వమును బోధించునపుడు ఈ కథాసందర్భమున ఇంత లోతు కలదని చెప్పక, ఆడువేషమునకు గాజులని మాత్రమే చెప్పి దాటవేయుట అన్యాయము.

చివరగా శింజిని. ఈ పదము శింజ ధాతువు నుండి వచ్చినది. అందెల రవళివంటి సన్నని, అవ్యక్తమైన ధ్వనిని ఆ ధాతువు చెప్పును. ఋగ్వేదము ఆరవ మండలమునందలి ఆయుధసూక్తమున వింటినారి ప్రియునికి చెవిలో ఏదో చెప్పబోవు స్త్రీవలె చేరువగా వచ్చి సవ్వడి చేయునని యున్నది. అచ్చట ప్రయుక్తమైన క్రియ యీ ధాతువుదే. నిండుగా లాగిన నారి విలుకాని చెవియొద్దకు వచ్చుటయు, బిగువునకు దాని పేటలు సన్నగా పలుకుటయు విల్లు పట్టినవారికి అనుభవమే. బాణము విడువక ముందరి ధ్వని యది, అన్నిటికంటె మెల్లనిది. ఇతిహాసములలో ఉరుము, వేదమున గుసగుస. శింజిని యను పేరు వేదపు చెవికి చెందినది. ఉరుము వర్ణించుచోట ఆ పదమును వాడిన కవి ప్రాసకో యతికో లొంగినాడనుకొనవలసి యుండును. ఎవరెవరు ఎచ్చట లొంగిరో, ఎచ్చట లొంగలేదో పర్వమువారీగా ఏరి చూపుట పరిశోధకవిద్యార్థి కొకనికి రెండేండ్ల పని. ఇంతవరకు దానికి పూనుకొన్నవారు మాకు కనబడలేదు.

ఆ పదము సంపూర్ణముగా అతుకున దొక్క వింటికే. మన్మథుని విల్లు చెఱకు, నారి తుమ్మెదల బారు. తుమ్మెదల బారుకంటె తేలికయైన నారి లేదు. కావున వేగమును గూర్చి ఆక్షేపణ లేదు. ఇతరుల నారులు మీటినపుడు గాని విడిచినపుడు గాని మ్రోగును. ఇది ఎక్కుపెట్టిన క్షణము నుండి మ్రోగుచునే యుండును. పదార్థము వేఱు, ధ్వని వేఱు అను భేదమే దానియందు లేదు. వాని బాణము మాత్రము పువ్వు. అది తగిలినవానికి చప్పుడు వినబడినట్లు ఏ ప్రబంధకవియు చెప్పియుండలేదు.